తెనాలికి సముద్రం తెచ్చిన సైంటిస్ట్ మేడం

మొన్న ఆదివారం నేను తెనాలిని ముంచేశానండి. ఒక్క చుక్క నీళ్ళు లేకుండా! తెనాలి ఒక్కటే అయితే ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. బాపట్ల, రేపల్లె కూడా కలిపి ముంచాను. ముందు టీ తీసుకోండి, చెప్తా. మధ్యలో ఆపి 'నీకు బుద్ధి ఉందా' అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న మా ఇంట్లో ఇప్పటికే రెండు విడతలు అయింది.

నేను చీరాల నుంచి నేత చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముతుంటాను. గంగానమ్మపేటలో ఒక మూడంతస్తుల మేడ, కింద వాటా మాది. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. చీరల కోసం వాట్సాప్‌లో 'పద్మజ చీరలు' అని ఒక గ్రూపు పెట్టాను. తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల, నిజాంపట్నం, అన్ని ఊళ్ళ ఆడవాళ్ళూ అందులో ఉన్నారు. కొత్త స్టాక్ రాగానే ఫోటోలు పెడతా, వాళ్ళు 'అక్కా, ఆ అంచు చూపించు, ఈ అంచు చూపించు' అంటారు. అంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవల్లా రెండో గ్రూపుతో. దాని పేరు 'విశ్వం వాదన'. రాకెట్లు, రోబోలు, మార్స్ మీద ఊళ్ళు కట్టడం, భూమికి ఎప్పుడు ఏ ప్రమాదం ముంచుకొస్తుంది, ఇవీ అక్కడి కబుర్లు. ఒక వీడియో కింద కామెంట్ రాస్తే ఎవరో చేర్చారు. చేరిన వారానికే నాకు తెలిసింది, నేను చీరలమ్మడానికి కాదు, మనుషుల్ని మార్స్‌కి పంపడానికి పుట్టానని! అందులో నా పేరు కుజవాసి. అంతా నన్ను 'సార్' అంటారు. నేనూ కాదనలేదు. ఇంట్లో ఎవరన్నారు గనక నన్ను సార్ అని?

మా అత్తయ్యగారికి ఈ పేరు తెలిసి లబోదిబోమన్నారు. "మీ పెళ్ళికి ముందు కుజదోషం పోవాలని మీ నాన్నగారు ఎన్ని పూజలు చేయించారే! ఇప్పుడు నువ్వే ఎదురెళ్ళి ఆ కుజుడి దగ్గర కాపురం పెడతానంటావా?"

ఆ గ్రూపులో నాకొక ప్రత్యర్థి ఉన్నారు. పేరు నేలబిడ్డ. బాపట్లలో ఎరువుల కొట్టంట. నేను ఏమన్నా సరే, ఆయన దానికి అడ్డం. "మార్స్ మీద కాలవలు ఉన్నాయా లేవా అన్నది తర్వాత చూద్దాం కుజవాసి సార్, ముందు మా వీధి కాలవలో పూడిక తీద్దాం" అంటారు. జనమంతా నవ్వే బొమ్మలు పెడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పప్పు పోపు పెడుతూ కూడా ఆయనకేం జవాబివ్వాలా అనే ఆలోచనే.

మొన్న ఆదివారం పొద్దున పదిన్నరైంది. కుక్కర్లో పప్పు పెట్టాను. ముందురోజే చీరాల నుంచి తెచ్చిన రెండు మూటలూ విప్పి, ఒక చేత్తో చీరలు పరిచి ఫోటోలు తీస్తూ చీరల గ్రూపులో పెడుతున్నా. రెండో చేత్తో మార్స్‌ని కాపాడుతున్నా. సరిగ్గా అప్పుడు నేలబిడ్డగారు ఒక మాటన్నారు. "మనకి ఈ భూమి చాలు సార్. దీనికేం కాదు. పారిపోవాలనుకునేవాళ్ళకే వేరే గ్రహాలు కావాలి."

పారిపోవడమా! నేనా! టైపు చేస్తే ఆ కోపం చల్లారిపోతుందని, 'సార్' గొంతులా బొంగురు పెట్టి వాయిస్ మెసేజ్ మొదలుపెట్టా. "నేలబిడ్డగారూ, ఊరికే ఊహించుకోండి. ఆకాశంలోంచి ఒక పెద్ద గ్రహశకలం వచ్చి మన బంగాళాఖాతంలో పడిందనుకుందాం..."

కుక్కర్ విజిల్ వేసింది. ఉలిక్కిపడి వేలు తీశా. అంతవరకూ మెసేజ్ వెళ్ళిపోయింది. ఇంతలో చీరల గ్రూపులో ఒకమ్మాయి, "అక్కా, వంకాయ రంగు చీర ఉందా, పోయిందా?" అని అడిగింది. అది తెరిచి 'ఉందమ్మా' అని కొట్టా. కొట్టి, మళ్ళీ నా ఆవేశంలోకి వచ్చేసి, మైకు నొక్కా.

ఎక్కడున్నానో చూసుకోలేదండి. అంతే! నా జీవితంలో ఇంతకన్నా చిన్న తప్పు నేనెప్పుడూ చెయ్యలేదు.

ఆ రెండో మెసేజ్‌లో ఏమన్నానంటే, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా గొంతు మార్చి, "పడింది! బంగాళాఖాతంలో పడింది! అల లేచింది. సూర్యలంక లేదు. బాపట్ల లేదు. నిజాంపట్నం లేదు. ఇంకో గంటలో రేపల్లె, ఆ వెనకే తెనాలి. ఎక్కడికి పరిగెడతారు? చెప్పండి, ఎక్కడికి పరిగెడతారు?" అన్నాను. చివర్లో గొంతు కొంచెం వణికించాను కూడా. బాగా వచ్చిందనిపించింది.

వంటింట్లోంచి మాడు వాసన. ఫోను సోఫాలో పడేసి పరిగెత్తా. కుక్కర్ అడుగంటింది. బాగున్నంతవరకూ పప్పు వేరే గిన్నెలోకి తీసి, అడుగు గీకి, తోమి, తలస్నానం చేసి వచ్చేసరికి ముప్పావుగంట. ఫోను మోగుతోంది. బాపట్ల నుంచి మా ఆడపడుచు సుజాత.

"వదినా! మీరంతా బాగున్నారా? ఇక్కడ సూర్యలంక బీచ్ పోయిందంట! మేం డాబా మీద ఉన్నాం!"

"పోవడమేంటి సుజాతా?"

"పైనుంచి ఏదో పెద్ద బండ సముద్రంలో పడిందంట వదినా. అల వస్తోందంట. ఎవరో సైంటిస్ట్ మేడం వాయిస్ పంపిందంట, మా పక్కింటావిడ విన్నదంట. తర్వాత రేపల్లేనంట, తర్వాత మీరేనంట!"

ఇక్కడ మీరు నా పరిస్థితి అర్థం చేసుకోవాలి. తెలివున్న మనిషైతే ఏమనుకోవాలి? 'ఈ మాటలు ఇందాక ఎవరో అన్నారే, ఆ ఎవరో నేనే కదా' అనుకోవాలి. నేనేమనుకున్నానో తెలుసా? 'చూశావా, నేను చెప్పినట్టే జరిగింది! ఎవరో సైంటిస్ట్ కూడా అచ్చం నాలాగే చెప్పింది!' అనుకున్నా. సముద్రం ముంచుకొస్తోందంటే నా గుండెలో ముందు పుట్టింది భయం కాదండి, గర్వం! సుజాత ఫోను పెట్టెయ్యగానే నేను చేసిన మొదటి పని ఏంటంటే, 'విశ్వం వాదన' తెరిచి, పైన ఏముందో కూడా చూడకుండా, "ఏమండీ నేలబిడ్డగారూ? చెప్పి గంట కూడా కాలేదు. ఇప్పుడేమంటారు?" అని కొట్టడం. ఆ తర్వాత భయపడ్డాను.

"ఏవండీ! లేవండి! అల వస్తోంది!"

మా ఆయన పేపరు దించారు. "ఏం అల?"

"సముద్రం అల! బాపట్ల పోయింది! సుజాత డాబా ఎక్కింది!"

ఆయన టీవీ పెట్టారు. అందులో ఎవరో గుత్తొంకాయ వండుతున్నారు. "అలాంటిదేమైనా ఉంటే టీవీలో రాదా పద్మా?"

"టీవీ వాళ్ళకి తెలిసేలోపు మనం నీళ్ళల్లో ఉంటాం! సైంటిస్టే చెప్పిందంట!"

"అయినా సముద్రం ఇక్కడికి రావాలంటే ఎంత దూరం, మధ్యలో ఎన్ని ఊళ్ళు..." అంటూ ఆయన లెక్క మొదలుపెట్టబోయారు. లెక్కలు వినే టైమా అది? నేను గుమ్మం దాటేశా. మెట్ల దగ్గర నిలబడి ఒకటే కేకలు. అందరి తలుపులూ కొట్టా. "పైకెక్కండి! నీళ్ళు పట్టుకోండి! చార్జర్లు తీసుకోండి!" ఎన్నాళ్ళుగానో గ్రూపులో ప్రమాదాల గురించి రాసి రాసి ఉన్నానేమో, ఆర్డర్లు నోట్లోంచి అలా వచ్చేస్తున్నాయి. జనం కూడా వింటున్నారండి! మా మేడలో చెత్త బుట్ట ఎక్కడ పెట్టాలో చెప్తే ఎవరూ వినరు, ఆ రోజు మాత్రం అందరూ 'అలాగేనండి' అంటూ పరుగులు.

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయన ఒకపక్క, రెండో అంతస్తు వెంకట్రావు బాబాయిగారు ఒకపక్క పట్టుకుని మూడంతస్తులూ మోశారు. వెంకట్రావు బాబాయిగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అంటూ మెట్లమీద జనాన్ని అలవాటు ప్రకారం సర్దేస్తున్నారు. అత్తయ్యగారి ఒళ్ళో పప్పు గిన్నె. "అదెందుకత్తయ్యా?" అంటే, "మాడు వాసనొస్తే మాత్రం? పైన ఎన్ని రోజులుండాలో ఏంటో" అన్నారు. నేనేం తెచ్చానంటారా? చీరల మూటలు. రెండూ. మనుషుల్ని ఇద్దరు మగాళ్ళు మోస్తున్నారుగా అని.

డాబా మీద మూడో అంతస్తు ఆవిడ వడియాలు ఎండబెట్టింది. "అయ్యయ్యో, వడియాలు! తొక్కకండి! అల వస్తే వచ్చింది, ముందు వడియాలు చూసుకుని నడవండి!" అని ఆవిడ గోల. అందరం వడియాల చుట్టూ ఇరుక్కుని నిలబడ్డాం. నేను పిట్టగోడ దగ్గర నిలబడి అందరికీ వివరిస్తున్నా. "అదిగో, అటు వేమూరు. అటునించే వస్తుంది. ముందు గాలి వస్తుంది, తర్వాత శబ్దం వస్తుంది..."

"అదిగో!" అని ఎవరో అరిచారు. దూరంగా పొలాల మీద తెల్లగా ఏదో లేచింది. అందరూ ఒకర్నొకరు పట్టేసుకున్నారు. మూడో అంతస్తు ఆవిడ వడియాలు వదిలేసి నన్ను పట్టుకుంది. నేనూ కళ్ళు మూసుకున్నా. తెరిచి చూస్తే కొంగలు. పెద్ద గుంపు. పాపం, మా కేకలకే బెదిరాయో ఏమో.

అప్పుడు వెంకట్రావు బాబాయిగారి ఫోనుకి టింగుమని ఏదో వచ్చింది. "ఇదిగోనమ్మా, సైంటిస్ట్ మేడం వాయిస్ నాకూ వచ్చింది. మా బావమరిది రేపల్లె నుంచి పంపాడు. అందరూ వినండి" అని సౌండు పూర్తిగా పెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నారు.

"పడింది! బంగాళాఖాతంలో పడింది! అల లేచింది..."

గొంతు ఎక్కడో విన్నట్టుంది. మొదటి మూడు ముక్కలకీ నాకు అనిపించిందేంటంటే, 'ఎంత బాగా చెప్తోందో ఈవిడ!' నిజంగానండి! "సూర్యలంక లేదు. బాపట్ల లేదు..." అన్నప్పుడు మెల్లగా పిట్టగోడ దగ్గర్నించి వెనక్కి జరిగాను. 'ఎక్కడికి పరిగెడతారు' దగ్గర ఇక అనుమానం లేదు. అయినా ఎవరూ కనిపెట్టలేదులే, మెల్లగా మూటలు తీసుకుని దిగిపోదాం అనుకుంటుండగా, అదే వాయిస్‌లో వెనకనుంచి ఇంకో గొంతు, ఖంగుమని:

"పద్మా! ఓసి పద్మా! పప్పు మాడుతోందే!"

వెంకట్రావు బాబాయిగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచేశారు.

కుర్చీలోంచి మా అత్తయ్యగారు, "అరే, అది నా గొంతే! రేపల్లె దాకా వెళ్ళిందా!" అని తెగ సంబరపడిపోయారు.

అందరి చూపులూ ముందు అత్తయ్యగారి ఒళ్ళోని గిన్నె మీద పడ్డాయి. తర్వాత నా మీద. మా ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, ఒకే మాటన్నారు. "మెల్లగా దిగండి. మెట్ల మీద నీళ్ళొలికాయి."

ఆ రోజు మొత్తం మీద తెనాలికి వచ్చిన నీళ్ళు అవేనండి. నేను పట్టించిన బకెట్లలోంచి ఒలికినవి.

కిందకొచ్చి ఫోను చూస్తే ఏముంది! చీరల గ్రూపు నిండా ఏడుపు బొమ్మలు, దణ్ణాలు. కొందరు అసలు గ్రూపు వదిలేసి పోయారు. వంకాయ రంగు చీర అడిగిన అమ్మాయి మాత్రం, "అక్కా, అల వచ్చేలోపు అది నా పేరున పక్కన పెట్టు" అని రాసింది. వెంటనే ఇంకో వాయిస్ పంపా. "అమ్మా, అల లేదు, బండ లేదు, ఏమీ పడలేదు. తప్పు నాదే, వేరే గ్రూపులో మాట్లాడాల్సింది ఇక్కడ మాట్లాడాను, క్షమించండి" అని. దాన్ని మాత్రం ఒక్కరూ ఎవరికీ పంపలేదు! అప్పుడిక ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాను. రేపల్లెలో ఒక టీచరమ్మని, "ఎలా నమ్మారండీ, నా గొంతు తెలుసుగా మీకు?" అంటే, "తెలుసు కాబట్టే నమ్మానండి. రంగు పోదని మీరంటే పోదు కదా!" అంది. ఆ మాట అనేకన్నా తిట్టినా బాగుండేది.

అందరూ దొరికారు గాని, నిజాంపట్నం నాగమ్మ ఫోను ఎత్తలేదు. నాగమ్మ రేవులో చేపలమ్ముతుంది. వాళ్ళాయన బోటు మీద వేటకెళ్తాడు. ఎన్నిసార్లు చేసినా మోగి ఆగిపోతోంది. నేనన్న మాటకి వాళ్ళెక్కడికి పరిగెత్తారో, పిల్లలకేమైందో, బోటేమైందో! మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నదాన్ని, కంచం పక్కకి జరిపి, "నేను వెళ్తానండీ" అని లేచా. తిడతారేమోననుకున్నా. మా ఆయన చొక్కా వేసుకుని, "పద, నేనూ వస్తా" అన్నారు.

రేపల్లె రైల్లో మా ఎదుటి సీట్లో ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన అంటున్నారు, "ఆ సైంటిస్ట్ మేడాన్ని పట్టుకున్నారంట." రెండో ఆయన, "ఢిల్లీలోనంట కదా? పెద్ద చదువంట. చదువెక్కువై మతి చలించిందంట." నేను కొంగు తలమీదకి లాక్కుని కిటికీలోకి తిరిగా. మా ఆయన రెండో కిటికీలోకి తిరిగారు. ఏడుస్తున్నారేమో అనుకున్నా, భుజాలు ఊగుతున్నాయి. తొంగిచూస్తే నవ్వు!

రేపల్లెలో దిగి షేర్ ఆటోలో నిజాంపట్నం వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. రేవు దగ్గర, ఎప్పుడూ కూర్చునే చోటే, చేపల బుట్ట ముందు నాగమ్మ! నన్ను చూసి, "ఏంటక్కా ఇలా వచ్చావ్? చీరలు తెచ్చావా?" అంది. నేను ఆవిడ చేతులు పట్టేసుకున్నా. "ఫోను ఎత్తవేంటి నాగమ్మా!"

"ఐసు పెట్టె మీద పెట్టా, ఈ గోలలో వినపడలా."

"నా వాయిస్ విన్నావా?"

"విన్నా. విని మా ఆయనకి ఫోన్ చేశా. బోటు ఒడ్డుకి దగ్గర్లోనే ఉందిలే, సిగ్నలందింది. 'సముద్రంలో ఏదో పడిందంట, అల లేచిందంట, నీకేమన్నా కనపడతందా?' అంటే, 'నేను నీళ్ళ మీదే ఉన్నాగా, ఇక్కడేం లేదు, ఆఖరికి చేపలు కూడా లేవు' అన్నాడు. సర్లే అని నా బేరం నేను చేసుకున్నా."

చూశారా! బాపట్ల, రేపల్లె, తెనాలి, ఇంతమందిమి డాబాలెక్కాం. సముద్రం వచ్చిందా లేదా అని సముద్రం మీదున్న మనిషిని అడిగింది నాగమ్మ ఒక్కతే.

కాని ఆవిడ నవ్వి వదిలెయ్యలేదు. "నేనంటే అడిగా. మా వీధిలో సగం మంది తుఫాను షెల్టర్‌కి పరిగెత్తారక్కా. రా" అని తీసుకెళ్ళింది. అక్కడ ఒక మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మోకాలు చెక్కుకుపోయి పసుపు పెట్టుకుంది. పరుగులో పడిందంట. నేను ఆవిడ ముందు కింద కూర్చుని, "నావల్లే మామ్మా, ఏదో వాదంలో అన్న మాట ఇది, తప్పయింది" అన్నాను.

"వాదంలో అన్నావా?"

"అవును మామ్మా. ఊరికే ఒక ఉదాహరణకి."

"నీకు ఉదాహరణమ్మా. నేను తుఫాన్లో ఇల్లు పోగొట్టుకున్నదాన్ని. అల అంటే నా కాళ్ళు నన్నడగవు, వాటంతటవే పరిగెడతాయి."

నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టా. ఆవిడే నా భుజం తట్టి, "సర్లే, లే. మంచిదే అయింది. షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో మా వాళ్ళకి ఇవాళ తెలిసింది. అరగంట వెతికారు" అంది. వచ్చేటప్పుడు నాగమ్మ చేపలు కట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

ఇంటికొచ్చాక ధైర్యం చేసి 'విశ్వం వాదన' తెరిచా. వాళ్ళకి నా మొదటి సగమే వెళ్ళిందిగా! అందులో నేలబిడ్డగారు పొద్దున రాసిన మెసేజ్: "సార్, 'పడిందనుకుందాం' అని ఆపేశారు. తర్వాతేమైంది?" దాని కింద నేను విర్రవీగి రాసిన 'ఇప్పుడేమంటారు'. దాని కింద ఆయనదే ఇంకోటి: "సార్, మీరు చెప్పింది నిజమే. మా వీధంతా అరుస్తున్నారు. నేను మా కొట్టు రేకుల మీద ఉన్నాను. పారిపోవడం తప్పన్నందుకు క్షమించండి." ఆ తర్వాత గంట గంటకీ, "సార్, దిగొచ్చా?" "సార్, ఎండగా ఉంది." "సార్?"

జరిగిందంతా రాసేశా. సార్ కాదు, పద్మజని అని కూడా రాసేశా. నేలబిడ్డగారు, "అయితే ఆ పప్పు మాడిన మేడం మీరేనా! దిగాను మేడం. ఒళ్ళంతా కాలింది" అని మాత్రం రాశారు.

నిన్న పొద్దున ఆయనే గ్రూపులో ఒక పోల్ పెట్టారు. "మనుషులు మార్స్‌కి వెళ్ళడాన్ని నేను ఇన్నాళ్ళూ వ్యతిరేకించాను. ఆదివారం తర్వాత ఆలోచన మారింది. కుజవాసి మేడం గారిని మొదటి రాకెట్‌లో పంపుదామా? అవును, కాదు." ఇన్ని నెలలు మార్స్ దండగన్నవాళ్ళు కూడా పోటీపడి అవును నొక్కారు. ఒక్క 'కాదు' కూడా లేదు. మొత్తానికి వాదన నేనే నెగ్గానండి!

ఎవరెవరు ఓటేశారా అని లిస్టు తెరిచి చూశా. మొదటి పేరు మా ఆయనది. అంతకుముందు ఆయన ఆ గ్రూపులో లేరు. ఓటెయ్యడం కోసమే నిన్న చేరారు.